మూడో వరుసలో లేచినాయన

సాయంత్రం ఐదూ నలభైకి వేదిక వెనక షకీబ్ హార్మోనియం మీది గుడ్డ తీసి మడతపెట్టాడు. హైదరాబాద్‌లో ఒక పార్కులో దక్షిణాసియా కళల పండుగ జరుగుతోంది. పాతవీ కొత్తవీ ఒకే వేదిక మీద. ఆరింటికి బుర్హాన్ ఉస్తాద్ కవ్వాలీ బృందం, తర్వాత ఢాకా కుర్రాళ్ల గిటార్లు. ఎవరికైనా ఇరవై నిమిషాలే. ఎర్ర దీపం వెలిగితే దిగిపోవాలి.

ఇన్నేళ్లూ షకీబ్‌ది చప్పట్లు, వంత. పాట చివర వేగంగా సాగే భాగం మొదటిసారి ఒంటరిగా పాడే అవకాశం ఇవాళే వచ్చింది. దానికోసం వేసవంతా సాధన చేశాడు. టైము చాలదేమోనని భయం. ముందు చరణాలు తొందరగా కానిద్దామని అడిగితే ఉస్తాద్ సరేనన్నాడు. షకీబ్ తన వాచీ విప్పి, ఇద్దరికీ కనబడేలా హార్మోనియం మీద పెట్టాడు. దానికీ సరేనన్నాడు.

"రైలెక్కేటప్పుడు కూడా ఇంత చూసుకోవు కదరా" అన్నాడు తబలా వాయించే రవూఫ్.

పాట మొదలైంది. రెండో పంక్తికి ఇదీ అర్థం: వచ్చిందెవరని అడగకు, దీపం ఇటు జరుపు. మూడో వరుసలో నెరిసిన గడ్డం మనిషి ఒకాయన లేచి నిలబడ్డాడు. కళ్లు మూసుకుని, ఒక చెయ్యి పైకెత్తి.

కవ్వాలీలో ఒక మర్యాద ఉంది. ఏ పంక్తి విని మనిషి కదిలిపోయి లేచాడో, ఆయన మళ్లీ కూర్చునేదాకా గాయకులు ఆ పంక్తి దాటరు.

ఉస్తాద్ అదే మళ్లీ పాడాడు. మళ్లీ పాడాడు. షకీబ్ వాచీని ఆయన ముందుకు జరిపాడు. ఉస్తాద్ దాన్ని తీసి కుర్తా జేబులో వేసుకున్నాడు.

"నువ్వందుకో, బేటా."

షకీబ్ అందుకున్నాడు. వేసవంతా నేర్చిందంతా ఆ ఒక్క పంక్తిలో కుక్కాడు. జనం చప్పట్లు కొట్టారు. నిలబడ్డాయన చెయ్యి కిందికి దిగింది. కళ్లు తెరిచి, వెనక కుర్చీ కోసం తడుముకున్నాడు.

ఆయన కూర్చుంటే చివరి భాగానికి దారి దొరికినట్టే. టైము ఇంకా ఉంది. ఉస్తాద్ షకీబ్ వైపు చూశాడు.

షకీబ్ ఆ పంక్తిని ఉన్నదున్నట్టు, మెల్లగా పాడాడు. ఆయన కూర్చోలేదు. చెయ్యి మళ్లీ లేచింది. ఎర్ర దీపం వెలిగేదాకా బృందమంతా అక్కడే ఉండిపోయింది.

మెట్లు దిగాక ఉస్తాద్ వాచీ తిరిగిచ్చాడు.

"టైమెంతయింది?"

షకీబ్ చూడకుండానే చేతికి కట్టుకున్నాడు. "చాయ్ తాగుదాం పదండి, ఉస్తాద్" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత పండుగ నిర్వాహకులు ఫోన్ చేశారు. ఎత్తింది షకీబే. మూడో వరుసలో లేచినాయన శ్రీలంక నుంచి వచ్చిన డోలు కళాకారుడట. సింహళం తప్ప మరో భాష రాదట. ఆ పాటలో ఏముందో కనుక్కోమన్నాడట.