ఐసు కరిగేదాకా

గుంటూరు జట్టు ఫాస్ట్ బౌలర్ ఏసుపాదం ఆ సాయంత్రం తనకు ఆట నేర్పిన మస్తాన్ మాస్టారి దగ్గరికి మెప్పు కోసం వచ్చాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం సంజాయిషీ.

నెల్లూరుతో రెండు రోజుల మ్యాచ్. లెగ్ వైపు ఐదుగురిని దగ్గరగా నిలబెట్టి, వికెట్లకు కాదు, మనిషికే వెయ్యమన్నాడు కెప్టెన్. వేశాడు. వాళ్ళ ఓపెనర్ పెంచలయ్య డొక్క పట్టుకుని మైదానం వదిలి వెళ్ళాడు. మిగతావాళ్ళు బెదిరి వికెట్లు పారేసుకున్నారు. రేపు ఇంకో మూడు పడితే గెలుపు. చూడ్డానికి రాష్ట్ర సెలక్టర్లు వస్తున్నారు.

"అంపైరు ఏమీ అనలేదు మాస్టారూ. ఆ రోజుల్లో ఇంగ్లండ్ వాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళి ఇలాగే వేసి, సిరీస్ నాలుగు ఒకటితో కొట్టుకొచ్చారు కదా."

మాస్టారు ఐసు గడ్డని సుత్తితో పగలగొడుతున్నారు. తలెత్తలేదు.

"ఆ వేసినాయన ముసలితనం ఎక్కడ గడిచింది?"

"ఇంగ్లండ్‌లోనేగా."

"ఆస్ట్రేలియాలో. ఆ దెబ్బలు తిన్నవాళ్ళ మధ్యే."

ముక్కలు తువ్వాల్లో మూటగట్టి అతని చేతిలో పెట్టారు. "పెంచలయ్యకి పెట్టిరా. కరిగేదాకా చెయ్యి తియ్యకు."

నెల్లూరు వాళ్ళ బస స్టేడియం వెనక హైస్కూల్లో. పెంచలయ్య బెంచీ మీద పడుకుని చొక్కా పైకెత్తాడు. కమిలిన చోట బంతి కుట్లు వరసగా అచ్చుపడి ఉన్నాయి. ఏసుపాదం చూపు తిప్పుకుని మూట ఆనించాడు.

"రేపు యాడేస్తావో ఇప్పుడే చెప్పబ్బయా, ఐసు ఆడనే కట్టుకోనొస్తా."

పెంచలయ్య నవ్వబోయి నొప్పికి ఆగాడు. తర్వాత ఏవేవో కబుర్లు చెప్పాడు. నెల్లూరు వస్తే తమ ఇంట్లోనే దిగాలన్నాడు, వాళ్ళమ్మ చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందన్నాడు. ఐసు కరగడానికి ముప్పావుగంట పట్టింది.

మర్నాడు నెల్లూరుకి ఇంకా ఆరు పరుగులు కావాలనగా తొమ్మిదో వికెట్ పడింది. ఆఖరివాడుగా పెంచలయ్యే మళ్ళీ వచ్చాడు, చొక్కా కింద తువ్వాలు చుట్టుకుని. కెప్టెన్ లెగ్ వైపు ఐదుగుర్నీ సర్ది, ఏసుపాదానికి తన డొక్క తట్టి చూపించాడు.

ఏసుపాదం వేళ్ళు బంతి కుట్లని తడిమాయి. తర్వాత లెగ్ వైపు వాళ్ళలో ముగ్గురిని కీపర్‌కి అవతలి పక్క, స్లిప్పుల్లోకి రమ్మని చేత్తో పిలిచాడు.

"సెలక్టర్లు చూస్తున్నార్రా" అన్నాడు కెప్టెన్.

"చూడనీ."

బౌండరీ అవతల, మస్తాన్ మాస్టారు పొద్దుట్నించీ తెరిచి పెట్టుకున్న ఐసు డబ్బాకి మూత వేశారు.