వెల్లకిలా తిరిగిన పెంకులు

అనగనగా సముద్రపుటొడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో రాజుగారికి కోట ఉండేది, మిగిలినవాళ్లకి చూరు ఉండేది.

అలాంటి చూరొకటి నేతగత్తె తవిటమ్మది. పేరుకు మాత్రం ఆమె మొగుడు అప్పలసూరిది.

ఆ ఊరి బావుల్లో నీళ్లు ఉప్పన. ఉప్పునీళ్లలో తడిపితే నూలు పెళుసెక్కి తెగుతుంది. అందుకని చూరునీళ్లు అంచున కట్టిన దోనెలో పడి, దోనెలోంచి కుండలోకి దిగితే, ఆ వాననీళ్లలోనే తవిటమ్మ నూలు నానబెట్టేది. ఆ ఏడు పాత వెదురు దోనె విరిగిపడింది. వానలకు నెల్లాళ్లే గడువు. వానలు రాగానే రాణిగారి తెల్లచీర మగ్గమెక్కాలి. ఒక్క మరక పడినా కోట నేత ఇక ఆ ఇంటికి రాదు.

ఆ ఊళ్లో చూరుదోనెను మగవాళ్లే ఎంచుతారు. మంచి ఎండలో, నడివీధిలో నిలబడి, తలెత్తి చూసి ఎంచుతారు. ఇంటావిడ పని మజ్జిగ ఇవ్వడం. వాన కురిసేటప్పుడు ఆ చూరు కింద ఎవరుంటారన్న సంగతి ఎవరికీ తట్టదు.

మొదట రాగి వర్తకుడు వచ్చాడు. "సూరయ్యా, రాగి అంటే దర్జా! నీ మునిమనవలు కూడా చూసుకుంటారు."

"నిజమే," అన్నాడు అప్పలసూరి.

తర్వాత రేకు వర్తకుడు వచ్చాడు. "రాగి బరువుకి నీ వాసాలు వంగిపోతాయి. రేకు తేలిక. ఒక్క పూటలో బిగించేస్తాను."

"అదీ నిజమే."

చివరికి తాటిమాను తొలిచే వడ్రంగి వచ్చాడు. "తాటిదోనె ఏటినే దాటిస్తుంది. నీ చూరునీళ్లొక లెక్కా?"

"అదీ నిజమేనయ్యా!"

మజ్జిగ చెంబుతో గుమ్మంలో నిలబడ్డ తవిటమ్మకు తల తిరిగిపోయింది. ముగ్గురూ చెప్పేది నిజంలాగే ఉంది, మూడు నిజాలూ మూడు దారులు. ఉండబట్టలేక అడిగింది: "ఆ నీళ్లలో నానితే నూలు తెల్లగా ఉంటుందా?"

ముగ్గురూ ఆమె వైపు చూడనేలేదు. "సూరయ్యా, మీ ఇంట్లో తలుపులు మాట్లాడతాయా?" అని నవ్వారు.

"తలుపుకి జవాబు రాకపోతే పోనీ, తమ దోనెల్లోంచి తలా ఒక ముక్క వదిలి వెళ్లమను మావా," అంది తవిటమ్మ.

ఇంట్లో నిరుటి వాననీళ్లు ఒక్క కుండెడే మిగిలాయి. వాటిలో గంజి కలిపి, కొసలు మైనంతో మూసిన మూడు ముక్కల్లోనూ పోసి, ఒక్కోదాంట్లో ఒక తెల్ల నూలుచుట్ట, అదే చిలప, నానేసింది. మూడు రోజులాగి చూసింది.

రాగిలో చిలప పచ్చబడింది. రేకు అంచులు ఉప్పుగాలికి తుప్పుపట్టి చిలప ఎర్రబడింది. తాటిముక్కలోది చింతపిక్క రంగుకి తిరిగింది.

అప్పలసూరి నెత్తి కొట్టుకున్నాడు. "నీ పరీక్షకి ముగ్గురూ పోయారు! ఇప్పుడు చూరుకి ఏం కట్టమంటావు? నీ నాలికా?"

తవిటమ్మకూ ఏమీ తోచడం లేదు. పని చెయ్యకపోతే ఇంకా పిచ్చెక్కుతుందని, గంజి మిగిలిన కుండ కడగబోయి చెయ్యి పెట్టింది. అడుగున ఏదో తగిలింది. గంజి కలిపేటప్పుడు వేసి, తియ్యడం మరిచిపోయిన నాలుగో చిలప! మల్లెపువ్వులా ఉంది.

ఆమె కుండ వంక చూసింది. కప్పు మీది పెంకుల వంక చూసింది. అదీ మట్టే, ఇదీ మట్టే. సగం కోసిన గొట్టంలా ఉన్న ఆ పెంకును వెల్లకిలా తిప్పితే దోనె కాక మరేమిటి?

కుండలు చేసే గవరమ్మ దగ్గరికి పరుగెత్తింది. "వదినా, మా కప్పు పెంకుకు రెండింతలుండే పెంకులు కాల్చి ఇస్తావా? వరసగా పేర్చి అతుకులకు సున్నం మెత్తుకుంటాను."

"కాలుస్తాను గానీ, మట్టి కదా, పగులుతుంది. తర్వాత నన్ననకు."

"పగిలితే?"

"పగిలిన ఒక్కటీ మార్చుకో."

దోనెలు అమ్మవచ్చిన ముగ్గురూ చెప్పనిది ఇదే. తమ సరుకులో లోపం.

దోనె అమరింది. "చూరుకి కుండపెంకులు కట్టారర్రా!" అని వీధి మగవాళ్లు పగలబడి నవ్వారు. వానలొచ్చాయి. కుండలు నిండాయి. చీర తెల్లగా దిగింది.

చీర చూసి ముచ్చటపడ్డ రాణిగారు, అంత తెలుపు ఏ నీళ్లతో వచ్చిందో కనుక్కోమని తన అధికారిని పంపారు. ఆయన నడివీధిలో నిలబడి, తలెత్తి చూసి, అప్పలసూరిని అడిగాడు: "ఈ దోనె ఎంచింది నువ్వేనా?"

అప్పలసూరి మీసం మీద చెయ్యి వేశాడు. వీధి వీధంతా అతన్నే చూస్తోంది. మీసం మీది చెయ్యి మెల్లగా దిగింది.

"నేను ఎంచి ఉంటే రాణిగారు పచ్చచీర కట్టేవారు. లోపలికి వెళ్లి తవిటమ్మని అడగండి."

అధికారి తికమకపడ్డాడు. "ఆవిడతో మాట్లాడితే, మరి మజ్జిగ ఎవరిస్తారు?"

"నేనున్నానుగా," అని అప్పలసూరి చెంబు అందుకున్నాడు.

అందుచేత పిల్లలూ, ఇంటికి ఏది తగునో వీధిలో నిలబడితే తెలియదు. వాన పడేటప్పుడు ఆ చూరు కింద పని చేసే మనిషిని ముందు అడగాలి.