మూత లోపలి గీతలు

అడగందే అమ్మైనా పెట్టదంటారు. బందరులో గడియారాలు బాగుచేసే ముసలి మస్తాన్ సాహెబుగారు అడిగినా పెట్టేవారు కాదు. శిష్యుడు పుండరీకం నలభై దాటాక, పనిచేసే మిల్లు మూతపడి, ఈ విద్యకు వచ్చినవాడు. వచ్చిన నెలకే అడిగాడు: "వాచీ బాగుచేసిన ప్రతిసారీ మూత లోపల సూదితో మీ గుర్తూ తేదీ గీస్తారెందుకండీ? ఎవరు చూస్తారని?" సాహెబుగారు కంటి అద్దం తీయకుండానే, "చూద్దాంలే," అన్నారు.

ఒక శుక్రవారం ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు సీతారావమ్మ అనే యాభై ఏళ్ళావిడ వచ్చింది. కీ ఇచ్చే పాత చేతి వాచీ ఒకటి పుండరీకం చేతికిచ్చి, సాహెబుగారికి చూపించమని, సాయంత్రం వస్తానని వెళ్ళింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. పుండరీకం వాచీ విప్పాడు, కడిగాడు, నూనె వేశాడు. మూత లోపల పాతబడిన గీతల మీద గీతలు కనపడ్డాయి; అవీ గుర్తులే కావచ్చని తోచలేదు. ఇంత మంచి వాచీకి ఈ గతేమిటని జాలిపడి, తళతళలాడేదాకా అరగదీశాడు. గురువు మెచ్చుకుంటారని మురిసిపోయాడు కూడా.

సాయంత్రం ఆవిడ వచ్చి సాహెబుగారి ఎదుట కూర్చుంది. ఆమె పదో ఏట తండ్రి ఇల్లు విడిచి వెళ్ళాడు. మొన్న ఎక్కడో సత్రంలో పేరు చెప్పని ముసలాయన ఒకరు పోతే, ఎవరో పోలిక పట్టి, ఆయన చేతి వాచీ తెచ్చి ఈమెకిచ్చారు. అలాంటి వాచీలు ఒకప్పుడు వీధికి నాలుగుండేవి.

"మా నాన్న ఏటా మీ దగ్గరే బాగుచేయించేవారు సాహెబుగారూ. లోపల మీ గుర్తూ, ఆ ఏళ్ళూ ఉంటాయిగా? ఆయనదైతే కర్మ చేయించి ఏడుస్తాను. కాకపోతే ఎదురుచూస్తాను. ఏదో ఒకటి చెప్పండి."

సాహెబుగారు మూత తెరిచారు. లోపలికి చూసి శిష్యుడి వైపు తిరిగారు.

"ఇందులో ఏమున్నాయి?"

"గీతలండీ. బాగులేవని అరగదీశాను."

"ఏం గీతలు?"

"చదవలేదండీ," అన్నాడు పుండరీకం. కళ్ళు మూసుకుని గుర్తుతెచ్చుకోబోయాడు. గీతలు కనపడ్డాయి గాని ఒక్క అంకె కనపడలేదు. నలభై ఏళ్ళుగా ఆమె వెతుకుతున్న జవాబు మధ్యాహ్నం తన చేతికి వస్తే, తానే అరగదీసి చెరిపేశాడు. ఉండబట్టలేక గురువు చెవిలో, "నాన్నగారిదేనని చెప్పేయండి, మనశ్శాంతిగా ఉంటారు," అన్నాడు.

సాహెబుగారు మూత బిగించి వాచీ ఆవిడ చేతిలో పెట్టారు. "తెలియదమ్మా. ఇక తెలియదు," అన్నారు ఆవిడతో.

ఆవిడ ఎవరినీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వాచీ చెవి దగ్గర పెట్టుకుని, "నడుస్తోంది," అంది. కొంగున ముడివేసుకుని మెట్లు దిగింది. కర్మ చేయించేందుకూ లేదు, ఎదురుచూసేందుకూ లేదు.

పుండరీకం గురువు దగ్గరికి వచ్చాడు. "నన్ను నాలుగు తిట్టండి సాహెబుగారూ," అన్నాడు.

"తిట్టేందుకేముంది? చెయ్యి బాగానే తిరిగింది," అన్నారాయన. "ఆ మూతలో నా మొహం స్పష్టంగా కనపడింది. ఇంకెవరిదీ కనపడలేదు."