అవతలి తీగ కోసం

ఐదేళ్లుగా నూకరాజును ఒకటే ప్రశ్న తొలిచేస్తోంది. గురువు తనను గుంటలోకి ఒంటరిగా ఎందుకు దిగనివ్వడు?

గుంట అంటే కేబులు గుంట. భూమిలో వేసే కరెంటు కేబులు డ్రమ్ముకు చుట్టి వస్తుంది. ఒక డ్రమ్ము అయిపోయిన చోట రెండో డ్రమ్ము అందుకోవాలి. ఆ రెండు కొసలూ కలిసే చోట నడుములోతు గుంట తవ్వి, అందులో కూర్చుని, ఈ కేబులు తీగల్ని ఆ కేబులు తీగలతో కలపాలి. ఆ పని చేసేవాణ్ణి జాయింటరు అంటారు. కలిపాక పైన తొడుగులు వేసి, ఇసక పోసి, ఇటుకలు పేర్చి, మట్టి కప్పేస్తారు. ఇక ఆ పనిని ఎవరూ చూడరు. మళ్లీ తవ్వి చూశారంటే అది చెడిపోయిందన్నమాటే.

గోదావరి జిల్లాలో ఓ మోస్తరు పట్నంలో జిలానీ మేస్త్రి ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాడు. ఆ ఊళ్లో ఏ వీధిలో నడిచినా కాళ్ల కింద ఎక్కడో ఒకచోట ఆయన చేతిపని ఉంటుంది. ఆయన కలిపిన జాయింటు కోసం ఇంతవరకూ ఎవరూ మళ్లీ గడ్డపార పట్టలేదు. ఈ సంగతి ఆయన చెప్పుకోడు. లైన్‌మెన్లు చెబుతారు, అదీ తమ ఇంటి గొప్ప చెప్పుకున్నట్టు చెబుతారు.

అలాంటి మనిషికి మిగిలిన ఒకే ఒక్క శిష్యుడు నూకరాజు. ఉన్నమాట చెప్పుకోవాలి, కుర్రాడు పనిమంతుడే. చెయ్యి చురుకు, కన్ను చురుకు. అల్యూమినియం తీగను వైరు బ్రష్షుతో గీకాడంటే అది కొత్త వెండిగిన్నెలా తళతళలాడాల్సిందే. ఆ తళతళకి సబ్‌స్టేషన్ దాకా పేరుంది. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజనీరుగారు ఒకసారి ముచ్చటపడి ఫోనులో ఫొటో తీసుకున్నారు. అప్పట్నుంచి మనవాడి కాలు నేలమీద ఆనడం లేదు.

ఆ రోజుల్లోనే కాలువ అవతల కొత్త కాలనీలకి మంచినీళ్ల పంపుహౌసు కట్టారు. ఏళ్ల తరబడి ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకున్న జనం వాళ్లు. పైపులు వేశారు, మోటార్లు దించారు, సబ్‌స్టేషన్ నుంచి కేబులు లాగారు. దారి మధ్యలో ఒక్క జాయింటు మిగిలింది. అది పూర్తయితే కొళాయిల్లో నీళ్లు.

ఆ జాయింటు తనదే కావాలని నూకరాజు మనసు పడ్డాడు. పక్కన గురువు కూర్చుని "అది అలా పట్టు, ఇది ఇలా తిప్పు" అనకుండా, అచ్చంగా తన ఒక్కడి చేతి మీద జరగాలి. ఇన్ని ఇళ్లకి నీళ్లిచ్చింది నేను కలిపిన తీగే అని బతికినన్నాళ్లూ చెప్పుకోవాలి. ఆ కోరికతో అతనికి రెండు రోజులుగా అన్నం సయించలేదు.

జిలానీ మేస్త్రి షెడ్డులో కూర్చుని బ్రష్షు పళ్లలో ఇరుక్కున్న పొడిని దులుపుతున్నాడు. నూకరాజు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"మేస్త్రిగారండి, ఆ పంపుహౌసు జాయింటు నేనొక్కణ్ణే చేస్తానండి."

మేస్త్రి దులపడం ఆపలేదు.

"నాలో ఏం తక్కువండి? అదొక్కటీ చెప్పండి చాలు."

"మూల కేబులు ముక్క ఉంది చూడు," అన్నాడు మేస్త్రి. "దాన్ని రెండు చోట్ల కొయ్యి. చెరో జాయింటు చేద్దాం. పైతొడుగులు మాత్రం వెయ్యొద్దు."

ఇంతకన్నా ఏం కావాలి! పందెంలో గెలిచినవాడిలా చొక్కా చేతులు మడిచాడు నూకరాజు.

కేబులులో మూడు తీగలుంటాయి. అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు కొసలు. జత కొసల్ని ఒక అల్యూమినియం గొట్టంలోకి చెరోవైపు నుంచి దూర్చి, మిషనుతో గట్టిగా నొక్కాలి. ఆ గొట్టాన్ని స్లీవు అంటారు. దూర్చే ముందు కొసల్ని గీకి, వెంటనే బూడిదరంగు పేస్టు పట్టించాలి. ఎందుకంటే గీకిన అల్యూమినియం మీద గాలి తగిలిన క్షణం నుంచే కంటికి కనిపించని, కరెంటుకి అడ్డుపడే పొర కడుతుంది. ఈ పాఠం నూకరాజుకి మొదటి నెలలోనే వచ్చు. అడిగితే నిద్రలో కూడా అప్పజెబుతాడు.

మేస్త్రి ఒక జత కొసలు గీకాడు, పేస్టు రాశాడు, స్లీవులో దూర్చాడు, నొక్కాడు. ఆ తరవాతే రెండో జత ముట్టుకున్నాడు. చూసేవాడికి అందులో ఏ వినోదమూ లేదు.

నూకరాజు ఆరు కొసలూ ఒకేసారి గీకేశాడు. తీగ తీగనీ గీకి, గుడ్డతో తుడిచి, మళ్లీ గీకాడు. షెడ్డు రేకుల సందులోంచి పడ్డ ఎండకి అవి ధగధగలాడాయి. తన పనికి తనే మురిసిపోయాడు. ఇంత చక్కటి పనికి సాక్షి ఉండొద్దూ? ఇంజనీరుగారికి ఫోను చేశాడు.

"సార్, ఒక్కసారి షెడ్డు దాకా రండి సార్. మీరు చూడాల్సిన పనండి."

ఐదు నిమిషాల్లో వస్తానన్న ఇంజనీరుగారు అరగంటకి వచ్చారు. అప్పటిదాకా నూకరాజు పేస్టు డబ్బా మూత తియ్యలేదు. తీస్తే ఆ మెరుపంతా బూడిదపాలవుతుందని అతని బాధ. వచ్చినాయన "అబ్బ, అద్దంలా ఉందయ్యా!" అన్నారు, నాలుగు ఫొటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. నూకరాజు అప్పుడు తీరిగ్గా పేస్టు రాసి, స్లీవులు దూర్చి, నొక్కాడు. మేస్త్రి పని ముగించి ఎప్పుడో గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

రెండు జాయింట్లూ పక్కపక్కన చూస్తే నూకరాజుదే అందంగా ఉంది. నొక్కులు కొలిచి గీసినట్టు పడ్డాయి. మేస్త్రి స్లీవుల చుట్టూ పేస్టు పొంగి అంటుకుపోయి ఉంది.

షెడ్డులో కేబులు ముక్కల్ని పరీక్షించే ట్రాన్స్‌ఫార్మరు ఉంది. ఒకే కరెంటు రెండు జాయింట్లలోంచీ పోయేలా కట్టి, స్విచ్చి వేసి, గంటసేపు వదిలేశాడు మేస్త్రి. తరవాత స్విచ్చి తీసి, లైను చచ్చిందో లేదో రెండుసార్లు చూసుకుని, నూకరాజును రమ్మన్నాడు. అతని మణికట్టు పట్టుకుని ముందు కేబులు మీద అరచెయ్యి పెట్టించాడు. గోరువెచ్చగా ఉంది. తరవాత తన స్లీవు మీద పెట్టించాడు. అంతే వెచ్చన, ఓ రవ్వ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

తరవాత నూకరాజు స్లీవు మీద పెట్టించాడు. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. అరచేతి మీద ఎర్రగా కమిలింది.

నూకరాజు అరచెయ్యి ఊదుకున్నాడు. "మిషను సరిగా నొక్కలేదేమోనండి," అన్నాడు.

మేస్త్రి రంపపు బ్లేడు అందించాడు. నూకరాజు రెండు స్లీవుల్నీ అడ్డంగా కోశాడు. రెండింట్లోనూ తీగలు ఒకేలా, సందు లేకుండా అదుముకుని ఉన్నాయి. మిషను పాపం ఎవరి పక్షమూ పట్టలేదు.

అప్పుడు మేస్త్రి ఒక తీగ కొసను గీకి నూకరాజు చేతికిచ్చాడు.

"ఎలా ఉంది?"

"మెరుస్తోందండి."

"పట్టుకో. నమాజు చేసుకొస్తా."

నూకరాజు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి మండుతోంది. అంతకన్నా లోపల మండుతోంది. బయట సైకిలు మీద ఎవరో వెళుతూ పలకరించినా తల తిప్పలేదు. మేస్త్రి తిరిగొచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడెలా ఉంది?"

నూకరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎంత చూసినా ఏ తేడా లేదు. "అలాగే మెరుస్తోందండి."

"నీకు," అన్నాడు మేస్త్రి.

ఇంకో కొస తీసుకుని గీకాడు. అది ఇలా మెరిసిందో లేదో, అలా పేస్టు పూసి స్లీవులోకి దూర్చేశాడు.

"ఇది అవతలి తీగకి," అన్నాడు.

నూకరాజు తల దించుకున్నాడు. ఐదేళ్లుగా ఈ పనే చూస్తున్నాడు, ఈ పాఠమే అప్పజెబుతున్నాడు. ఇన్నేళ్లలో తను ఎన్ని కొసల్ని ఎంతమందికి చూపించాడో, ఎన్నిసార్లు పక్కనున్న ఈ ముసలాయన గొణుగుతూ మూత తీసి పేస్టు డబ్బా తన చేతిలో పెట్టాడో ఒక్కొక్కటే గుర్తొచ్చింది.

ఇక పంపుహౌసు మాట ఎత్తడానికి ముఖం చెల్లలేదు. సామాను సర్దుతూ, "రేపు మీకు ఏమేం కావాలో చెప్పండి, పెట్టేస్తానండి," అన్నాడు.

"నాకేం వద్దు, గొడుగు చాలు. ఏడింటికల్లా గుంటలో నువ్వు దిగు."

"నేనాండి?"

"ఇవాళ చెయ్యి కాలింది నీదేగా."

మర్నాడు గుంట చుట్టూ తిరనాళ్లలా ఉంది. నీళ్లొస్తాయని తెలిసి కాలనీ ఆడవాళ్లు సగంమంది అక్కడే ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ చంకలో బిందె కూడా ఉంది, ఎందుకైనా మంచిదని. జిలానీ మేస్త్రి రోడ్డుపక్క ఇటుకల మీద గొడుగేసుకుని, గుంటకి వీపు పెట్టి కూర్చున్నాడు.

కేబులుకి ఎర్తు కట్టుకుని, అరచేతికి గుడ్డ చుట్టుకుని నూకరాజు పని మొదలుపెట్టాడు. మొదటి జత అయింది. రెండో జత అయింది. మూడో జత గీకుతుండగా పైన జీపు ఆగింది. ఇంజనీరుగారు, ఆయన వెంట పైఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు దిగారు. తన ఫోనులో ఉన్న ఫొటోల్ని ఆయన వాళ్లకి ముందే చూపించినట్టున్నారు.

"నూకరాజూ! ఒక్క నిమిషం ఆగు. ఆ మెరుపు సార్లు కూడా చూడాలి."

బ్రష్షు కింద తీగ తళుక్కుమంది. నిజానికి అంత బాగా ఎప్పుడూ గీకలేదు. నూకరాజు గుండె ఒక్కసారి ఆ గొంతు వైపు లాగింది. చూపిస్తే ఏం పోయింది, ఒక్క నిమిషమే కదా అనిపించింది.

చెయ్యి మాత్రం డబ్బాలోకి వెళ్లింది. బూడిదరంగు పేస్టు ఆ మెరుపుని కప్పేసింది.

"ఏయ్ నూకరాజూ, నిన్నేనయ్యా! ఇటు చూడు!"

రెండు కొసలూ స్లీవులోకి వెళ్లాయి. నూకరాజు మిషను బిగించి నొక్కడం మొదలుపెట్టాడు. అతనికి ఆ క్షణంలో కలిగిన గర్వం ఇంతకు ముందు ఎరిగింది కాదు. దానికి పక్కన ఎవరూ అక్కర్లేదు. లోపల రెండు తీగలు ఒకటవుతున్నాయని ఈ ప్రపంచంలో తన ఒక్కడికే తెలుసు, ఆ తెలియడమే కడుపు నింపేసింది. ఆఖరి నొక్కు పడేదాకా అతను తలెత్తలేదు. ఎత్తేసరికి పెద్దమనుషులు జీపు ఎక్కుతున్నారు, ఇంజనీరుగారి ముఖం కందగడ్డలా ఉంది.

మధ్యాహ్నానికి తొడుగులు పడ్డాయి. పరీక్షలయ్యాయి. గుంట పూడ్చారు. నాలుగున్నరకి లైనులోకి కరెంటు వదిలారు. పంపుహౌసులో మోటారు హుంకరించింది. కాసేపటికి వీధి చివరి కొళాయి రెండుసార్లు దగ్గి, ఎర్రటి నీళ్లు కక్కి, తేటపడింది. బిందె పెద్దావిడే ముందు పట్టుకుంది. అందరూ మోటార్ల గురించి, పైపుల గురించి, పంపుహౌసు గురించి మాట్లాడుకున్నారు. మట్టి కింద ఉన్నదాని ఊసు ఎవరూ ఎత్తలేదు. నూకరాజు ఆ మట్టి మీదే నిలబడి చేతులు కడుక్కున్నాడు.

సామాను రిక్షాకి ఎత్తుతుంటే అవతల ఇంజనీరుగారి గొంతు వినిపించింది. పొద్దుటి మంట ఇంకా చల్లారినట్టు లేదు.

"జిలానీగారూ, మీ శిష్యుడికి పొగరెక్కిందండీ. పైవాళ్ల ముందు పిలుస్తుంటే తలైనా ఎత్తలేదు. గమనించారా మీరు?"

జిలానీ మేస్త్రి గొడుగు మడిచాడు.

"ఆయ్, గమనించానండి," అన్నాడు. "ఇన్నేళ్లకి వచ్చిందండి."