వాకిట్లో ఒక్క చుట్టు

మా సన్యాసయ్య గురువుగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఒకసారి మాయ అంటే ఏమిటని అడిగిన పాపానికి నాచేత గంపెడు చింతపండు గింజలు తీయించారు. నడుం పట్టేసింది గానీ మాయ సంగతి ఈనాటికీ తేలలేదు. పేరుకే సన్యాసయ్య, ఇంటినిండా మనవలున్న సంసారి ఆయన. శృంగవరపుకోట దాటాక, అరకు ఘాటు రోడ్డుకు పోయే దారిలో వాళ్ళ ఇల్లు. ఆదివారం ఆదివారం ఆయన అరుగు మీద చేరే కొద్దిమందిలో నేనొకణ్ణి. రిటైరైన తెలుగు మాస్టారిని కాబట్టి నాకు నోరు కాస్త ఎక్కువ. ఆ మాట మా ఆవిడా అంటుంది, గురువుగారూ అంటారు.

మాలో వయసులో చిన్నవాడు వరహాలరావు. విశాఖపట్నంలో బీమా ఆఫీసులో ఉద్యోగం. మనుషులకు ఎన్ని రకాలుగా ఆపదలు రావచ్చో అక్కడే నేర్చుకున్నాడు కాబోలు, అన్నిటికీ బెంగే. అలాంటివాడికి ఊళ్ళు దాటి తిరిగే పెద్ద మోటారు సైకిలు పిచ్చి ఎలా పట్టుకుందో ఆ దేవుడికే తెలియాలి. రెండేళ్ళ కిందట భార్య హైమవతిని వెనక కూర్చోబెట్టుకుని శ్రీకాకుళం నుంచి వస్తూ పడ్డాడు. ఆ బండి హ్యాండిలు బాగా కిందికీ ముందుకీ ఉండేది. దాని మీదికి వంగి, ఒంటి బరువంతా అరచేతుల మీద మోపి గంటల తరబడి నడిపేసరికి వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. రోడ్డుకు అడ్డంగా కుక్క వచ్చింది. బ్రేకు పట్టాల్సిన వేళ్ళు వేళకి ముడుచుకోలేదు. అతనికి గీరుకుపోయిందంతే, హైమవతికి మాత్రం మోచెయ్యి విరిగింది. ఆ తరవాత ఆమె బండి ఎక్కలేదు, అతను ఎక్కమనీ అనలేదు.

ఈ ఏడు ఆవిడే అంది, అరకు వెళ్దామని, అదీ బండి మీదే వెళ్దామని. ఇంకేం, మనవాడికి నిద్ర కరువైంది. హ్యాండిలు మార్చేదాకా ఆమెను ఎక్కించుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. మొదట ఒక వెడల్పాటిది బిగించుకున్నాడు. చూడ్డానికి దర్జాగా ఉంది గానీ చేతులు బార్లా చాపుకుని కూర్చోవాల్సి వచ్చి భుజాలు పీకాయి. తరవాత వెనక్కి వంగినది పెట్టించాడు. మలుపు తిరిగితే మోకాలికి తగిలింది. చివరికి ఒక దుకాణం అతను వరహాలరావుని సీటు మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని చేతులు చాపమన్నాడు. ఆ చేతులు ఎక్కడ ఆగాయో సరిగ్గా అక్కడికి పిడులు వచ్చేలా ఎత్తయిన హ్యాండిలు ఒకటి బిగించాడు. బ్రేకుకూ యాక్సిలరేటరుకూ పోయే పాత కేబుళ్ళే లాగి తగిలించాడు. సరిపోతాయా అని వరహాలరావు అడిగితే, "ఏం కాదు సార్, మీరు ఊరికే టెన్షన్ పడతారు" అన్నాడట.

ఆ ఆదివారం పొద్దున్నే మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ బండి మీద గురువుగారి వాకిట్లోకి వచ్చారు. అతని నడుం నిటారుగా ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నంత సుఖంగా ఉన్నాయి. ముఖం మాత్రం పాలిపోయి ఉంది. హైమవతి దిగి, మాకు దండం పెట్టి, వస్తూనే మొదలుపెట్టింది.

"చూడండి మాస్టారూ, ఎండెక్కకముందే ఘాటు ఎక్కేద్దామంటే వినరు. గురువుగారిని చూసి వెళ్దాం, ఒక్క నిమిషం ఆగుదాం అని ఒకటే గోల. భయపడాల్సింది నేను. నేను ఎక్కి కూర్చున్నానా లేదా? ఈయనకెందుకండీ ఇంత పిరికితనం?"

వరహాలరావు అరుగు కింద నిలబడ్డాడు. మామూలుగా మెల్లగా మాట్లాడేవాడు ఆ రోజు గబగబా చెప్పేశాడు. "గురువుగారూ, చేతులు తిమ్మిరెక్కలేదు. నడుం నొప్పి లేదు. విశాఖపట్నం నుంచి హాయిగా వచ్చాను. అయినా గుండె దడ తగ్గలేదు. తను వెనక కూర్చుంటే నా ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి. ఈ భయాన్ని నాలోంచి ఎలా తీసెయ్యాలి? ఈ ఒక్కటీ చెప్పండి, వెళ్ళిపోతాం."

గురువుగారు అతన్ని ఎగాదిగా చూశారు. ఇంక పని చెబుతారు చూడు అనుకున్నాను. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని లేచారు.

"నన్నెక్కించుకుని వాకిట్లో ఒక్క చుట్టు తిప్పు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ వయసులో ఇదేం సరదా! ఆయనకు సైకిలు తొక్కడం కూడా రాదు, ఆటో ఎక్కితేనే రెండు చేతులా కడ్డీ పట్టుకుంటారు. వద్దన్నాను. నువ్వూ ఎక్కుతావా అని నన్నే ఎకసక్కెం చేశారు. నేను గబగబా వెనక్కి తగ్గాను. వాకిలి నడుమ చోళ్ళు, అదే రాగులు, ఆరబోసి ఉన్నాయి. వాటిని తొక్కకుండా, అవతల పశువుల పాకకు తగలకుండా తిరగాలంటే హ్యాండిలు పూర్తిగా ఎడమకు తిప్పాలి. వరహాలరావు ఎడమ కాలు నేలకు ఆనిస్తూ మెల్లగా బయలుదేరాడు. గురువుగారు వెనక కూర్చుని అతని చొక్కా గట్టిగా పట్టుకున్నారు.

చోళ్ళ చివర హ్యాండిలు పూర్తిగా తిప్పాడో లేదో, ఇంజను ఒక్కసారిగా బొబ్బ పెట్టింది. బండి ముందుకు ఉరికింది. "యాక్సిలరేటరు నేను తిప్పలేదు, నేను తిప్పలేదు!" అని వరహాలరావు అరుస్తున్నాడు. హైమవతి కెవ్వుమంది. బండి పాక గుంజను రాసుకుంటూ పోయి గడ్డికుప్పలో దూరి ఆగిపోయింది. గురువుగారు కుప్ప మీద వెల్లకిలా పడ్డారు. నేను ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. ఆయన పోయారనే అనుకున్నాను, ఏడుపొచ్చేసింది. లేవదీసి చూస్తే దెబ్బేమీ లేదు, కళ్ళజోడు మాత్రం కనబడలేదు. ముందు దాన్ని వెతకమన్నారు.

 వరహాలరావు బండిని లేపి, స్టాండు వేసి, గేరు తీసేసి మళ్ళీ స్టార్టు చేశాడు. యాక్సిలరేటరు మీద చెయ్యి పెట్టలేదు. హ్యాండిలు నేరుగా ఉన్నంతసేపూ ఇంజను బుద్ధిగా కొట్టుకుంది. ఎడమకు తిప్పేకొద్దీ శబ్దం పెరిగింది. పూర్తిగా తిప్పేసరికి మళ్ళీ అదే బొబ్బ. నేరుగా పెట్టగానే తగ్గిపోయింది. అతను వంగి చూశాడు. హ్యాండిలు ఎత్తు పెరిగింది గానీ యాక్సిలరేటరు కేబులు పాత పొడుగే. నేరుగా పోయేటప్పుడు ఎలాగో అందుతోంది. తిప్పితే చాలడం లేదు, బిగుసుకుపోయి దానంతట అదే ఇంజనును రేపుతోంది. విశాఖపట్నం నుంచి ఇక్కడిదాకా అంత ఇరుకు మలుపు అతనికి ఒక్కటీ తగల్లేదు.

ఇక్కణ్ణించి ఘాటు పైకి ఉన్నవన్నీ అలాంటి మలుపులే.

ఇంజను ఆపేశాడు.  కొండ మీద మలుపులో, పక్కన లోయ, వెనక హైమవతి. మా అందరి కళ్ళకూ అదే కట్టింది. వరహాలరావు చోళ్ళ పక్కన చతికిలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. మగాడు అలా వెక్కి వెక్కి ఏడవడం నేను చాలాకాలానికి చూశాను. హైమవతి వెళ్ళి అతని పక్కన కూర్చుంది. చీరకు మట్టి అంటుతుందని కూడా చూసుకోలేదు.

"చంపేసుండేవాణ్ణి నిన్ను" అన్నాడు.

"ఊరుకోండి. దారి పొడుగునా మిమ్మల్ని పిరికివాడని దెప్పింది నేను" అంది.  విరిగి అతికిన చేత్తోనే అతని వీపు నిమురుతోంది.

ఆ పూట భోజనాలు అక్కడే అయ్యాయి. శృంగవరపుకోట నుంచి ట్రాలీ ఆటో పిలిపించి బండిని ఎక్కించారు. పొడుగు కేబుళ్ళు వేయించి, ఖాళీ మైదానంలో రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి చూశాకే మిగతా మాట అని వరహాలరావు డ్రైవరుతో ఒకటికి రెండుసార్లు చెప్పాడు, ఆ పని డ్రైవరుది కాకపోయినా. వాళ్ళిద్దరూ బస్సులో వెనక్కి పోవడానికి సిద్ధమయ్యారు. చెప్పులు వేసుకుంటూ వరహాలరావు ఆగాడు.

"గురువుగారూ, ఈ గొడవలో పడి, భయాన్ని ఎలా తీసెయ్యాలన్న నా ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేదు. దడ ఇంకా తగ్గలేదు. పొద్దుటికన్నా ఎక్కువైంది."

గురువుగారు జుట్టులో చిక్కుకున్న గడ్డిపరకలు ఒక్కొక్కటే తీసుకుంటున్నారు. తల ఎత్తకుండానే అడిగారు.

"పొద్దున్న నువ్వు తిన్నగా ఘాటు ఎక్కకుండా, బండిని మా వాకిట్లోకి తిప్పించిందెవరు నాయనా?"

వరహాలరావు హైమవతి వైపు చూశాడు. నేను కాదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది.

గురువుగారు చేతిలోని గడ్డిపరకను పారేసి, అప్పుడు అతని ముఖంలోకి చూశారు.

"చెప్పు మరి. తీసెయ్యమంటావా?"