మిషను కడుపులో బొత్తాం

అనగా అనగా, కాలవ చివర ఉప్పునీళ్ళ ఊరొకటి. ఆ ఊళ్ళో ఒకావిడ ఇంట్లో వాషింగ్ మిషను చెడిపోయింది. అది చెడిపోయినందుకు ఒక ముసలావిడ మంచినీళ్ళు తాగడం మానేసింది. కథ ఇంతే. కాళ్ళు దుప్పట్లో పెట్టుకుంటే మిగతాది చెప్తాను లిఖితా.

ఆవిడ పేరు సత్యవేణి. లేసు అల్లేది. కొక్కెం ఉన్న సన్నటి సూదితో, తెల్లటి దారంతో, బల్లల మీద పరిచే గుడ్డలు అల్లేది. ఆ పనికి కళ్ళకన్నా వేళ్ళు ముఖ్యం. వేలు గరుకుగా ఉంటే దారం పట్టేస్తుంది. వేలు పగిలితే దారం ఎర్రబడుతుంది.

"నీ వేలులాగానా అమ్మమ్మా? ఆ వంగని వేలు?"

కథ వింటావా, నా వేళ్ళు చూస్తావా? విను.

ఆవిడకి ఒక అత్తగారు. పేరు సూరమ్మ. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడేది. మాటలు నాలుగో అయిదో మిగిలాయి. రోజుకి మూడు దుప్పట్లు తడిసేవి. అది ఆవిడ తప్పు కాదు. కానీ ఉతకాలి కదా. ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాదు. బండ మీద బాదీ బాదీ సత్యవేణి వేళ్ళు పగిలాయి.

అప్పుడు ఆవిడ మొగుడు పోతురాజు ఒక పాత మిషను కొని ఆటోలో వేసుకొచ్చాడు. పైన మూత ఎత్తి బట్టలు వేసే రకం. ఆయన రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. దాన్ని వెనక వరండాలో పెట్టి, పైపు దొడ్లోకి వదిలి, చేతులు దులుపుకున్నాడు.

శ్రావణ శుక్రవారం అది. మిషనుకి పసుపు రాశారు, బొట్టు పెట్టారు. ఆ తర్వాత సూరమ్మ ఎడమ చెయ్యి చాచి "అ... అక్షింతలు" అంది. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మిషను పక్కకి లాగారు. మూత తీసి ఉంది. పెళ్ళికూతుర్ని దీవించినట్టు, ఎడమచేత్తోనే, తొట్టి నిండా చల్లింది.

కొత్త వస్తువు ఇంటికొస్తే ఎవరైనా వేస్తారు. కానీ ఆవిడ ఒక్కరోజుతో ఆపలేదు. ప్రతి శుక్రవారం వేసేది. ఆవిడకి అది మిషను కాదు, కోడలి వేళ్ళు.

వేళ్ళు మానాయి కూడా. వినాయక చవితికి పగుళ్ళు పూడాయి. దసరాకి చర్మం నున్నబడింది. లేసులు పట్టుకెళ్ళే రాహేలమ్మ వచ్చి సత్యవేణి చెయ్యి తిరగేసి చూసి, "ఇప్పుడు ఇవి వేళ్ళు" అని పెద్ద బల్లగుడ్డకి దారం ఇచ్చి వెళ్ళింది.

కార్తీకం వచ్చింది. ఒక పొద్దున్న మిషను తిరగలేదు. నీళ్ళు పడుతున్నాయి. పడినవి పడినట్టే వెనక పైపులోంచి దొడ్లోకి పోతున్నాయి. తొట్టి నిండితేనే అది తిరుగుతుంది. నిండదు, తిరగదు. మూడుసార్లు కీకీమని అరిచి ఊరుకుంది.

మళ్ళీ బండ, మళ్ళీ దుప్పట్లు. నాలుగో రోజుకే చూపుడువేలు విచ్చుకుంది.

అప్పుడు మొదట మొగుడొచ్చాడు.

"నీళ్ళు రావట్లేదే. అందుకే నిండట్లేదు."

"వస్తున్నాయండీ. పోతున్నాయి."

"నీకు తెలీదు, ఊరుకో."

వెనక నీళ్ళొచ్చే గొట్టం విప్పాడు. దాని మూతిలో చిన్న జల్లెడ ఉంటుంది. నిండా తుప్పుమట్టి. పాత పళ్ళ బ్రష్షుతో కడిగి పెట్టాడు. మంచి పనే. అప్పట్నుంచి నీళ్ళు ఇంకా జోరుగా వచ్చాయి, ఇంకా జోరుగా పోయాయి. ఆయన ఒక తన్ను తన్ని చెరువులకి వెళ్ళిపోయాడు.

ఆ శుక్రవారం సూరమ్మ ఎప్పటికన్నా పెద్ద గుప్పెడు వేసింది.

ఆ తర్వాత పక్కింటి మంగతాయారు వచ్చింది. వాళ్ళింట్లో మిషను లేదు. అయినా అంతా తెలుసు, వాళ్ళాడపడుచు ఇంట్లో ఉంది కాబట్టి.

"పౌడరు పీనాసిగా వేస్తున్నావు వదినా. ఉప్పునీళ్ళకి రెండింతలు పడాలి. నీళ్ళంటావా, బిందెతో పొయ్యి. నిండక ఎక్కడికి పోతుంది?"

పోశారు. ఎనిమిది బిందెలు. డబ్బాడు పౌడరు. నురగ రాలేదు, పౌడరు కరగలేదు, పిండిముద్దలా అయి అడుక్కి దిగిపోయింది. మంగతాయారు చీర తడిసింది. "మీ మిషను జాతే మంచిది కాదు" అని పిండుకుంటూ వెళ్ళింది.

ఆ శుక్రవారం సూరమ్మ రెండు గుప్పెళ్ళు వేసింది.

ఆ తర్వాత టౌను నుంచి మెకానిక్ వచ్చాడు. అన్ని బటన్లూ నొక్కాడు. అది కీకీమంది.

"బోర్డు పోయిందమ్మా."

"తెరిచి చూడరా?"

"అరుపు వింటే చాలు, తెలిసిపోతుంది. పాత ఇనప సామాన్లవాడికి వేసేయండి."

చేతికంటిన పసుపు ఆ మిషను మూతకే తుడిచి, బండెక్కాడు.

ఆ శుక్రవారం సూరమ్మ గిన్నె మొత్తం బోర్లించింది.

ఆ వారమే రాహేలమ్మ బల్లగుడ్డ వెనక్కి తెచ్చింది. మధ్యలో ఆవగింజంత గోధుమరంగు చుక్క. "నీ రక్తమే సత్యవేణీ. ఉతికినా పోలేదు. వేళ్ళు మానాక కబురు పెట్టు" అంది. దారం ఉండలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ గట్టిగా మాట్లాడలేదు. గట్టిగా మాట్లాడి ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనొచ్చు.

సూరమ్మ మంచం మీంచి అంతా చూసింది.

మర్నాటి నుంచి దుప్పట్లు తగ్గాయి. మూడు రెండయ్యాయి. ఆ తర్వాత ఒకటైంది. ఒకరోజు మధ్యాహ్నం సత్యవేణి చెయ్యి పెట్టి చూస్తే పక్క పొడిగా ఉంది. అమ్మయ్య అనుకుంది. అవునే, అనుకుంది. కథలో మంచివాళ్ళు అలా అనుకోరు. ఈవిడ అనుకుంది. రెండు రోజులు అలాగే అనుకుంది.

మూడో రోజు మంచం కింద ఊడుస్తుంటే చీపురు తడిసింది. ముసలావిడ ఇచ్చిన నీళ్ళు గుక్కెడేసి నోట్లో పోసుకుని, కోడలు అటు తిరగ్గానే గోడవైపు వదిలేస్తోంది.

"ఏంటత్తయ్యా ఇది?"

ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని, పగిలిన వేలు మీద తన వేలు పెట్టింది. "వద్దు" అంది. ఉన్న నాలుగైదు మాటల్లో అదొకటి.

ఆ సాయంత్రానికి జ్వరం. డాక్టరుగారు వచ్చి, నీళ్ళు తాగక మూత్రంలో చీము పట్టిందన్నారు. ఇంజెక్షన్లు రాశారు. "ఈ వయసులో ఒకసారి ఒళ్ళు ఎండిందంటే మళ్ళీ పట్టుకోవడం కష్టమమ్మా" అని మొహం మీదే చెప్పారు.

"ఆవిడ చచ్చిపోతుందా అమ్మమ్మా?"

అటు తిరిగి పడుకో. చెప్తున్నాగా.

మర్నాడు పొద్దున్నే సత్యవేణి మిషను ముందు కూర్చుంది. అప్పటిదాకా ఎందుకు కూర్చోలేదంటే, అది మగవాళ్ళ పని అనుకుంది, తెరిస్తే షాకు కొడుతుంది అనుకుంది. ఆ బుద్ధి ముందే ఉంటే కథ ఇంత పొడుగు అయ్యేది కాదు.

మొదట ప్లగ్గు తీసేసింది. కుళాయి కట్టేసింది. ఆ తర్వాత తొట్టిలో ఒక బిందె నీళ్ళు పోసి, దొడ్లోకి వెళ్ళి పైపు దగ్గర కూర్చుంది. నీళ్ళు బుడుబుడుమంటూ వచ్చేస్తున్నాయి.

ప్లగ్గు తీసేసినా పోతున్నాయంటే, బోర్డుకీ దీనికీ సంబంధం ఏముంది? నీళ్ళు ఆపాల్సిన తలుపేదో మూసుకోవడం లేదు. అంతే. లేసులో లెక్క తప్పితే పైపైన చూసి లాభం లేదు, తప్పిన ముడి దాకా విప్పుకుంటూ పోవాలి. ఆ పని ఆవిడకి వచ్చు.

అప్పుడు మిషనుని గోడకి వాల్చి, జారకుండా రుబ్బురోలు అడ్డం పెట్టింది. చాప పరుచుకుని కిందికి దూరింది. టార్చి వేసి చూసింది. నీళ్ళుపోయే గొట్టం మొదట్లో గుప్పెడంత తెల్లటి బిరడా ఉంది. గుడ్డ చుట్టి ఎడమవైపు తిప్పింది. రాలేదు. మళ్ళీ తిప్పింది. వేలు చిట్లింది. మూడోసారి ఊడింది. ఒక స్ప్రింగు, దాని చివర రబ్బరు మూత బయటికొచ్చాయి. అదే తలుపు.

ఆ తలుపు వెనక ఏముందో తెలుసా?

పచ్చటి ముద్ద. పౌడరూ ఉప్పూ కలిసి సున్నంలా గట్టిపడ్డ ముద్ద. దాన్ని చిదిపితే లోపల బియ్యం. తొట్టి చిల్లుల్లోంచి జారిన పసుపు బియ్యం. కొన్ని ఉబ్బి పగిలాయి, కొన్ని మొన్న వేసినట్టే ఉన్నాయి. మొన్న వేసినవే మరి. శ్రావణం నుంచి కార్తీకం దాకా, అన్ని శుక్రవారాలూ ఆ అరచేతిలో ఉన్నాయి.

సత్యవేణి చాప మీద అలాగే పడుకుంది. ఏడవలేదు. లేచి ఆ ముద్దని పెరట్లో గొయ్యి తీసి పూడ్చింది. రబ్బరు మూత కడిగింది, స్ప్రింగు కడిగింది, బిరడా బిగించింది. మిషను నిలబెట్టి, ప్లగ్గు పెట్టి కుళాయి తిప్పింది. తొట్టిలో నీళ్ళు నిలిచాయి. మిషను తిరిగింది.

ఆ చప్పుడు విని సూరమ్మ కళ్ళు తెరిచింది. ఎడమ చెయ్యి ఎత్తి, ఏముంది లోపల అన్నట్టు వేళ్ళు తిప్పింది.

సత్యవేణి గుమ్మంలో నిలబడి ఆ చెయ్యి చూసింది. ఆవిడ బతుకులో ఇంకా పనికొచ్చేది ఆ చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి చెయ్యగలిగిన మంచి పని శుక్రవారం నాటి ఆ ఒక్కటే.

"బొత్తాం అత్తయ్యా" అంది. "మీ అబ్బాయి చొక్కా బొత్తాం."

ముసలావిడ నోరు ఒకవైపుకి వంకరపోయింది. అది నవ్వు.

ఇక్కడితో అందరూ సుఖంగా ఉన్నారని చెప్పాలి. లేరు. "నీళ్ళు తాగండి, మిషను ఉందిగా" అని ఎంత బతిమాలినా ఆవిడ రెండు గుటకలు వేసి పెదాలు బిగించేది. మానేసిన దాహం మళ్ళీ రాలేదు. ఉతకడానికి మిషను ఉంది, ఉతికేంత తడి లేదు. ఇదివరకు రోజుకి మూడు దుప్పట్లని విసుక్కున్న మనిషి, ఒక్క దుప్పటి తడిస్తే సంబరపడేది. వైశాఖంలో సూరమ్మ పోయింది.

వేళ్ళు మానాయి, రాహేలమ్మ దారం ఇచ్చింది. చూపుడువేలు మాత్రం పూర్తిగా వంగలేదు. ఇప్పుడు చూడు, కావాలంటే.

"సూరమ్మంటే గోడమీద ఫొటోలో ముసలమ్మా?"

ఆవిడే. మీ అమ్మకి నాయనమ్మ. నాకు అత్తగారు.

మధ్యలో ఒక సంగతి మిగిలింది. మిషను బాగైన వారమే మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఆవిడ చెయ్యి చాచింది. నేను గిన్నె ఇచ్చాను. కుర్చీ లాగాను. లాగేముందు మిషను మూత వేశాను. ఆవిడ మూత మీద చల్లింది. ఆవిడ పడుకున్నాక నేను గుడ్డతో ఊడ్చి పిచ్చుకలకి వేశాను. అలా ఇరవై మూడు శుక్రవారాలు. ఆఖరి నాలుగు శుక్రవారాలు చెయ్యి కూడా నేనే ఎత్తి పట్టుకున్నాను.

బియ్యం సంగతి ఆవిడకి తెలియనివ్వకూడదని ఆ గుమ్మంలోనే అనుకున్నాను. తెలియనివ్వలేదు. మీ తాతయ్య ఇప్పటికీ తన చొక్కా బొత్తామే అనుకుంటాడు. అనుకోనీ. నువ్వంటావా, పొద్దున్నకి మర్చిపోతావు.

కంచికి పోయే కథ పోయింది,
ఇంటికి మనమూ వచ్చేశాం;
తొట్టిలో నీళ్ళు నిలిచాయి,
బొత్తాం మాట బొజ్జలో దాచి
బుజ్జి కళ్ళు మూసుకున్నాయి.