దొరవారి కారుకు తొలి డబ్బా

పెట్రోలు కార్లు రావడమూ, వచ్చినవి పాతబడడమూ కూడా అయిపోయిన కాలంలో ఒక జమీందారు ఉండేవాడు. ఆయన చెరకు మడ్డితో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ పెట్టి, ఇకమీదట ప్రతి బండీ దాంతోనే నడవాలనీ, కాదంటే బండి జప్తేననీ చాటింపు వేయించాడు.

సంతకు జనాన్ని చేరవేసే గవరయ్యకు గుండె జారిపోయింది. జారదూ మరి? అతని ముసలి కారులోని రబ్బరు గొట్టాలను ఇథనాల్ తినేస్తుంది. కారు ఆగితే ఇంట్లో పొయ్యీ ఆగుతుంది.

తెల్లారగానే ఇథనాల్ డబ్బా నెత్తిన పెట్టుకుని కోటకు వెళ్ళాడు. దొర తన తండ్రినాటి కారును పట్టు కండువాతో తుడుచుకుంటున్నాడు.

"ఏమిట్రా అది?"

"తొలి గానుగ బెల్లం తమరికిచ్చాకే కదా బాబూ, మేం నాలిక మీద వేసుకునేది? ఇదీ చెరకుదే. తొలి డబ్బా తమ కారులో పోసి, ఆనవాయితీ నిలబెట్టి పోతాను."

గవరయ్య మూత తీశాడు. దొర చప్పున అడ్డం వచ్చాడు.

"ఆగరా. ఇది నాన్నగారి కారు. గొట్టాలు పాడైపోతాయి."

"నాదీ ఆ ఈడుదే బాబూ," అన్నాడు గవరయ్య మెల్లగా.

దొర ఆ మూత అందుకుని తనే డబ్బాకు బిగించాడు. ఆ సాయంత్రం మళ్ళీ చాటింపు పడింది. పాత బళ్ళకు ముందు ఫ్యాక్టరీ ఖర్చుతో కొత్త గొట్టాలు, ఆ తర్వాతే ఇథనాల్.

గొట్టాలు మారాక గవరయ్య కారు ఆ ఇథనాలే తాగి, దగ్గకుండా సంతకు పోయింది. సరుకు చెడ్డది కాదు మరి.